లోకాభిరామాయణానికి ఒక దండం

గోదావరి గట్టు మీద నిన్ను కబుర్లంటారు. తెలంగాణ గడప దాటి లోపలికొస్తే ముచ్చట్లంటారు. బాతాఖానీ అనేవాళ్లున్నారు, పిచ్చాపాటీ అనేవాళ్లున్నారు, అరుగు మీద కాళ్లు చాపుకుని లోకాభిరామాయణం అనే పెద్దలున్నారు. పేరేదైతేనేం, నువ్వు నువ్వే. నీకు ముహూర్తం లేదు, తీర్మానం లేదు. ఎక్కడ మొదలయ్యావో లేచి వెళ్లేటప్పటికి ఎవరికీ గుర్తుండదు. బెండకాయల ధర దగ్గర బయల్దేరి, బండి ర దగ్గర మలుపు తిరిగి, చంద్రుడి దక్షిణ ధ్రువం దాకా వెళ్లి, మళ్లీ ఇంకో చాయ్ దగ్గరికి వస్తావు. నీకు దండం.

నీ రూపాలన్నిట్లో నాకు మరీ ముద్దొచ్చేది ఒకటుంది. స్నేహితులు ఒకరి ఉచ్చారణ మీద ఒకరు పడి నవ్వుకునే రూపం. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్క వీధుల్లో ఏ సాయంత్రమైనా అది కనబడుతుంది. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ గులాబీ రంగు రాయి ఎండకు కాగి చల్లబడే వేళ, చాయ్ బండి దగ్గర నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల. ఆ బల్ల చుట్టూ పలాస, అమలాపురం, తెనాలి, కర్నూలు, జగిత్యాల. మనుషులకు వేరే పేర్లున్నాయి గానీ ఆ బల్ల దగ్గర అవి పనికిరావు. ఊరి పేరే పిలుపు.

ఇంకొకడు ఆలస్యంగా వచ్చాడనుకోండి, ప్రశ్న ఒక్కటే, అయిదు గొంతుల్లోంచి వస్తుంది.

"ఇంతసేపూ ఎక్కడికెల్పోనావురా?" పలాస.

"ఎక్కడికెళ్ళిపోయేవురా బావా?" అమలాపురం.

"యాడికెళ్ళావురా ఇంతసేపు?" తెనాలి.

"యాడికి పోయింటివిప్పా?" కర్నూలు.

"ఏడికి వోయినవ్ రా బై గింత సేపు?" జగిత్యాల.

వచ్చినవాడు జవాబు చెప్పడు. చెప్పాల్సిన పని లేదు. అయిదు ఊళ్లు తన కోసం ఎదురుచూశాయని తెలిశాక ఇంక జవాబెందుకు? అక్కడ్నించి మొదలవుతుంది. 'ఎల్పోనావు' ఏంట్రా, ఆ 'ళ్ళి' ఎక్కడ మింగేశావని ఒకరు. మా వంశధార నీళ్లతో పాటు మింగేశానని ఇంకొకరు. 'గింత'లో ఆ 'గ' ఎందుకని అడిగితే జగిత్యాల చిటికెలో అందుకుంటుంది: గిట్ల, గట్ల, గీడ, గాడ, మా దగ్గర వేలు పెట్టి చూపించే ప్రతి మాటకూ ముందు ఒక గ నిలబడి దారి చూపిస్తుంది. మీ 'ఇక్కడ'కి ఆ తోడు లేదు పాపం!

తెనాలి అప్పుడప్పుడు గర్వపడుతుంది. మాది పుస్తకాల భాష, మాకు యాస లేదంటుంది. మరుక్షణమే "అట్టాగే" అంటుంది. బల్ల మొత్తం చప్పట్లు కొడుతుంది. యాస లేని నోరు లేదని భాషాశాస్త్రం పెద్ద పుస్తకాల్లో చెప్పే సంగతిని ఆ చప్పట్లు రెండు సెకన్లలో చెప్పేస్తాయి.

ఓ ముచ్చటా, నువ్వు గొప్ప పంతులువి. బళ్లో చెప్పని పాఠాలు నీ దగ్గర దొరుకుతాయి. 'వచ్చాడు' అని అందరం రాస్తాం. నెమ్మదిగా పలికి చూడమని అమలాపురం అడిగిందొక రోజు. కోస్తా నోట్లో ఆ 'చ్చా'లోని అచ్చు ఆ కాదు, ఏ కాదు. రెంటికీ నడుమ నోరు అడ్డంగా తెరుచుకుని వచ్చే మరో ధ్వని. దానికి మన వర్ణమాలలో గుర్తు లేదు. అందుకే కొన్ని పాత కథల్లో 'వచ్చేడు', 'చెప్పేడు' అని అచ్చయింది. రాసినవాళ్ల చెవి నిజాయితీ అది. ఇంగ్లీషు నుంచి బ్యాంకు వచ్చింది, మ్యాచు వచ్చింది, వాటి కోసం యావత్తు తగిలించి ఆ ధ్వనిని పట్టుకున్నాం. పరాయి మాటకు చేసిన ఆ మర్యాద మన సొంత 'వచ్చాడు'కి చెయ్యలేదు. కర్నూలు మాత్రం ఎప్పుడో చేసేసింది: మేకను మ్యాక అంటుంది, లేదును ల్యాదు అంటుంది. విన్నప్పుడల్లా ఆ అచ్చు ఎంత విశాలంగా తెరుచుకుంటుందో!

మన నోటికి పదం మొదట్లో ఒట్టి ఎ పలకడం బరువు. ముందు ఒక చిన్న య చేరుతుంది. ఎక్కడ అని రాసి యెక్కడ అంటాం. ఈ అలవాటు ఎంత బలమైనదంటే ఇంగ్లీషు పొడి అక్షరాల్ని కూడా వదల్లేదు. పాత సినిమా పేర్ల పట్టికలు గుర్తు చేసుకోండి. యన్.టి. రామారావు, యస్.వి. రంగారావు, యస్. జానకి. ఊళ్లో గోడ మీద యం.యల్.ఏ. ఎవరూ సమావేశం పెట్టి నిర్ణయించింది కాదది. తెలుగు నోరు తన దారిన తాను నడిచింది, చెయ్యి దాని వెంట రాసుకుంటూ పోయింది. బస్సుకి, రోడ్డుకి, పెన్నుకి, లైటుకి చివర ఒక ఉకారం ఇచ్చి ఇంట్లోకి పిలుచుకున్నది కూడా ఆ నోరే. హల్లు మీద మాటను తెగ్గొట్టడం దానికి మనసొప్పదు.

హకారం సంగతి చెప్పాలి. బ్రహ్మ అని రాసి బ్రమ్హ అంటాం. చిహ్నం చిన్హమవుతుంది. మధ్యాహ్నం సంగతి సరే సరి, మధ్యాన్నంగా మారి అన్నం పళ్లెం ముందు కూర్చుంటుంది. హ్మ అనడం నోటికి కష్టం. మకారాన్ని ముందు పంపించి హకారాన్ని వెనక నడిపిస్తే నాలుక్కి ఊపిరాడుతుంది. దీన్ని తప్పు అనేవాళ్ల మీద నాకు కోపం లేదు గానీ, వినడం వచ్చినవాళ్లెవరూ ఆ మాట అనరు.

ఋకారం మీద ఒక రాత్రి పెద్ద వాదమే నడిచింది. కృష్ణను క్రుష్ణ అనాలా, క్రిష్ణ అనాలా? కర్నూలు తుంగభద్ర ఒడ్డుది, తెనాలి కృష్ణా కాలవల నీళ్లు తాగినది. ఇద్దరికీ ఇది ఇంటి వ్యవహారం. అప్పుడు తేలిన సంగతి నాకు ఎంత నచ్చిందో! మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన ఆ నది మహారాష్ట్రలో పారినంత దూరం మరాఠీ నోట క్రుష్ణే. కర్ణాటకలో క్రుష్ణే. తెలంగాణలో, ఆంధ్రలో క్రుష్ణే. హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసేదాకా ఒక్క రుకారం మీదే ప్రయాణం. హిందీ నేలకు వెళితే ఆ దేవుడు క్రిష్ణుడవుతాడు, ఋషి రిషి అవుతాడు, జ్ఞానం గ్యాన్ అవుతుంది. మరాఠీలో అదే జ్ఞానం ద్న్యాన్. ఒకే అక్షరం, మూడు గడపలు, మూడు స్వాగతాలు. ఢిల్లీ మిత్రుడొకరు మన భాషను 'తేలుగు' అంటే నొచ్చుకునేవాళ్లుంటారు. నొచ్చుకోవద్దు. హిందీకి హ్రస్వమైన ఎ, ఒ విడిగా లేవు. ఉన్నంతలో దగ్గరి అచ్చు వెతికి మన పేరు పిలుస్తున్నాడు.

మధ్యలో పల్లీల పొట్లం వస్తుంది. పొట్లం విప్పగానే మళ్లీ తగువు. జగిత్యాలకి పల్లీలు. తెనాలికి వేరుశెనక్కాయలు. కర్నూలుకి బుడ్డలు. బుడ్డలు అనగానే అందరూ నవ్వుతారు, అందరూ తింటారు. ఆ కాయ దక్షిణ అమెరికా నుంచి వచ్చిందనీ, పువ్వు గాలిలో పూసి, రాలాక దాని ఊడ నేలలోకి దిగి, మట్టి కిందే కాయ ముదురుతుందనీ కర్నూలు చెబుతుంటే పలాస నోరు తెరిచి వింటుంది. జీడిమామిడి తోటల మధ్య పెరిగిన పిల్లాడు. గింజ పండు బయట వేలాడటం చూసినవాడికి కాయ మట్టిలో దాక్కోవడం వింత కాదూ! సొరకాయా ఆనపకాయా ఆనిగెపుకాయా అన్నది ఆ వెనకే వస్తుంది. గోంగూరను జగిత్యాల పుంటికూర అంటుంది. ఉల్లిపాయ, ఉల్లిగడ్డ, ఎర్రగడ్డ వరసలో నిలబడతాయి. ఎవరూ గెలవరు. పొట్లం ఖాళీ అవుతుంది.

పొట్లం కాగితం మీద రైలు వార్త ఏదో ఉంటుంది. అక్కడ్నించి పొడవైన స్టేషన్ పేరు మీదికి మాట మళ్లుతుంది. తమిళనాడు సరిహద్దు దగ్గర, రేణిగుంట నుంచి అరక్కోణం వెళ్లే దారిలో వెంకటనరసింహరాజువారిపేట. ఊపిరి తీసుకోకుండా చెప్పాలని పందెం. ఇంగ్లీషులో దానికి 28 అక్షరాలు కావాలి. తెలుగులో లెక్కపెట్టండి, 13. మన లిపి ఎంత ఒద్దికైనదో ఆ స్టేషన్ బోర్డు చెబుతుంది. ఒడిశాలో 'ఇబ్' అనే స్టేషన్ ఉంది. ఇంగ్లీషులో రెండంటే రెండక్షరాలు. అక్కడ పుట్టినవాళ్లు పందెం ఎట్లా ఆడుకుంటారో పాపం అని అమలాపురం నిజంగానే బాధపడింది. ఆ పందెం ముగిస్తే ఎర్ర లారీ తెల్ల లారీ. పదోసారికి అందరి లారీలూ బోల్తా పడతాయి. తర్వాత క భాష. ప్రతి అక్షరం ముందూ ఒక క చేర్చి మాట్లాడాలి. రాము కరాకము అవుతాడు. చిన్నప్పుడు పెద్దవాళ్లకి తెలియకూడదని కనిపెట్టుకున్న ఆ రహస్య భాష పలాసలోనూ ఉంది, జగిత్యాలలోనూ ఉంది. ఆరువందల కిలోమీటర్ల దూరాన ఉన్న పిల్లలు ఒకే తాళంతో ఒకే పెట్టె తీశారన్నమాట.

ఇంతవరకూ చెప్పింది ముచ్చట. ఇక నేను చేతులు జోడించే చోటికి వస్తున్నాను.

జగిత్యాల ఒక సాయంత్రం తన నాయనమ్మ మాట ఒకటి చెప్పింది. ఎండలో వచ్చిన మనవణ్ణి పిలిచి ఆమె అన్నదట: "శెట్టు కింద సల్లగున్నది, గీడ కూసో." బల్ల మీద నవ్వులు. చెట్టు శెట్టయింది, చల్లగా సల్లగ అయింది, మీ ఊళ్లో చకారం ఏమయిందిరా అని. అందరూ నవ్వుతుండగా అమలాపురం ఒక్కసారి ఆగింది. "ఉండండి. ఒకటి శ, ఒకటి స. ఎందుకని?"

ఎందుకంటే తెలుగుకి చకారం ఒకటి కాదు, రెండు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో తెలుగుకు 36 వర్ణాలు చెప్పి, వాటిలో చ జ లకు తోడుగా ౘ ౙ లను కూడా కూర్చోబెట్టాడు. అంగిలిని తాకి పలికేది తాలవ్యం. చెట్టు, చెరువు, చీకటి. పళ్ల దగ్గర పుట్టేది దంత్యం. చలి, చుక్క, చూపు. అచ్చ తెలుగు మాటల్లో ఇ ఈ ఎ ఏ పక్కన వస్తే తాలవ్యం, అ ఆ ఉ ఊ ఒ ఓ పక్కన వస్తే దంత్యం. దంత్యానికి నెత్తిన చిన్న గుర్తు పెట్టి రాసేవారు. ఆ గుర్తు బడి పుస్తకాల్లోంచి ఎప్పుడో జారిపోయింది. చదువుకున్న మనం రెంటినీ ఒకే అక్షరంతో రాసి, రెండున్నాయన్న సంగతి మరిచాం. నాయనమ్మ బడికి వెళ్లలేదు. ఆమె నోట్లో తాలవ్యమంతా శకారమైంది: శెట్టు, శెరువు, శీకటి, శేను. దంత్యమంతా సకారమైంది: సల్ల, సలి, సుక్క, సూడు. ఒక్కటంటే ఒక్కటి కలగలవలేదు. వ్యాకరణ పండితుడు గీసిన గీతను, ఆయన పేరైనా వినని ఆ ముసలమ్మ, చెట్టు కింద మనవడికి చాప వేస్తూ, వెంట్రుకవాసి తప్పకుండా నడిచింది.

దాన్నే కదా ఇన్నాళ్లూ మొరటు మాట అన్నారు! దాన్నే కదా సరిదిద్దుకొమ్మన్నారు!

బల్ల దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కర్నూలు లేచి, "అవ్వకు ఫోన్ చెయ్‌ప్పా" అన్నాడు. చేశారు. అయిదుగురూ వంతులవారీగా మాట్లాడారు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. పిల్లలు అన్నం తిన్నారో లేదో అడిగింది.

గిడుగు రామమూర్తిని ఈ బల్ల దగ్గర తలుచుకోవాలి. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, కొండల మీది సవరల మాట విని నేర్చుకున్నాడు. వాళ్ల భాషకు వ్యాకరణం రాశాడు, నిఘంటువు కూర్చాడు. జనం నోట్లో ఉన్న తెలుగే పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోట్లాడాడు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. సెప్టెంబరు 9న కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. పలుకుబడుల భాషే భాష అని నమ్మిన మనుషులిద్దరూ. రైతు నోట ఉన్న మాటల్ని ఊరూరా తిరిగి కూడబెట్టించిన భద్రిరాజు కృష్ణమూర్తి ఇంకొకరు. మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. వీళ్లందరూ చేసిన పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, విన్నారు. ఎదుటి మనిషి నోరు తెరిచినప్పుడు తప్పు కోసం కాకుండా మాట కోసం విన్నారు.

స్నేహితుల ఎగతాళిలో ఉన్నది కూడా ఆ వినడమే. ఎగతాళికీ అవమానానికీ మధ్య గీత ఎక్కడుందో ఆ బల్లకు బాగా తెలుసు. పలాస ఒకసారి ఉద్యోగం కోసం వెళితే, గది అవతల కూర్చున్నాయన "ఏటి" అన్న ఒక్క మాటకు పెదవి విరిచాడు. వాడు తిరిగొచ్చి చాలాసేపు పుస్తకం తెలుగు మాట్లాడాడు. ఒత్తులన్నీ సరిగ్గా పెట్టి, చివర్లన్నీ కత్తిరించి. బల్ల బెంగపెట్టుకుంది. ఏరా, నీ 'ఏటి' ఏదిరా, తెచ్చుకో, లేకపోతే చాయ్ లేదని జగిత్యాల మారాం చేసింది. పెదవి విరిచినాయన విన్నది ఒక తప్పు. వీళ్లు విన్నది మహేంద్రగిరి గాలి, కవిటి కొబ్బరి తోటలు, వాళ్లమ్మ పిలుపు. ఉచ్చారణను పట్టుకుని నవ్వే హక్కు, అది పోతే ఏడ్చేవాళ్లకే ఉంటుంది.

ఇప్పుడు వెండితెర కూడా కొంచెం మారింది. ఒకప్పుడు తెలంగాణ మాట రౌడీకో హాస్యగాడికో దక్కేది. 2017లో ఫిదా వచ్చింది, నాయిక బాన్సువాడ మాటతోనే మనసు గెలుచుకుంది. 2021లో పుష్ప చిత్తూరు యాసలో గర్జించాడు. 2023లో బలగం చూస్తూ కోస్తా వాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు. మంచిదే. అయినా సినిమా యాస కొలతకు కుట్టించినది. బల్ల దగ్గరి యాసకు కొలతలు లేవు. మాట మధ్యలో దగ్గు వస్తుంది, చాయ్ ఒలుకుతుంది, 'ఆయ్' అన్న ఒక్క అక్షరంలో అమలాపురం అంగీకారం, ఆశ్చర్యం, వెటకారం మూడూ చెబుతుంది.

దేశం దాటితే ఈ ముచ్చటకు ఇంకో రంగు వస్తుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన మనవలకు త వేరు ట వేరు అని చెప్పడం ఎంత కష్టమో అక్కడి తాతల్ని అడగండి. ఇంగ్లీషు చెవికి రెండూ ఒకటే. తాత అనబోయి టాటా అంటాడు పిల్లవాడు. విమానమెక్కి వచ్చిన పెద్దాయన, నన్ను పంపించేస్తున్నావట్రా అని ఎత్తుకుంటాడు. ఆ నవ్వులోనే పిల్లవాడి నాలుక మెల్లగా పళ్ల దగ్గరికి వస్తుంది. కోప్పడితే రాదు.

ఓ ముచ్చటా, ఓ కబురా, నువ్వు పల్లీ గింజంత సంగతులతో మనుషుల్ని పట్టి ఉంచుతావు. రాజకీయాల దగ్గర విడిపోయేవాళ్లు సొరకాయ పేరు దగ్గర కలుస్తారు. పంపకాల లెక్కలు తేలని రెండు రాష్ట్రాలవాళ్లు ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోసుకుని 'వన్ బై టూ' అంటారు. ఆ నాలుగు కుర్చీల మధ్య నువ్వు చేసినంత సయోధ్య ఏ కమిటీ చెయ్యలేదు.

చదువుతున్న మీకు ఒక్క మనవి. మీతో హాస్టల్ గదిలోనో, మొదటి ఉద్యోగంలోనో, రైలు పెట్టెలోనో మాట పంచుకున్న వేరే జిల్లా మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఈ రోజు ఫోన్ చెయ్యండి. మెసేజ్ వద్దు, మెసేజ్‌లో యాస రాదు. క్షేమసమాచారాలు అయ్యాక చెట్టుని, చలిని వాళ్ల ఊళ్లో ఎట్లా అంటారో అడగండి. మీరూ మీ ఇంటి మాటలోనే మాట్లాడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఫోన్ ఒకసారి వాళ్ల చేతికివ్వండి.